యాజమాన్య వైద్య పథకాలలో స్థూలకాయ ఔషధాలు - పైలట్ ప్రాజెక్టులు

ఉద్యోగుల వైద్య ఖర్చును భరించే యాజమాన్యం, స్థూలకాయాన్ని తగ్గించే ఖరీదైన మందులను అందరికీ ఒకేసారి వర్తింపజేయక, ముందుగా కొద్దిమందికి, కొంత కాలానికి, నిర్ణీత ఖర్చుతో ఇచ్చి ఫలితాన్ని పరిశీలించే ఏర్పాటును స్థూలకాయ ఔషధ పైలట్ ప్రాజెక్టు లేదా ప్రయోగాత్మక పథకం అంటారు. ఇక్కడ యాజమాన్యం అనగా ప్రైవేటు కంపెనీ మాత్రమే కాదు. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే, ఆర్టీసీ, దేవస్థానం, విశ్వవిద్యాలయం మొదలైనవన్నీ ఈ మాట కిందికి వస్తాయి. అమెరికాలో ఈ మందుల ఖర్చు వలన కొన్ని రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగ వైద్య నిధులే ఇబ్బందిలో పడ్డాయి. భారతదేశంలో 2025లో ఈ మందులు విరివిగా విపణిలోకి రావడంతో ఇదే ప్రశ్న ఇక్కడి పథకాల ముందుకూ వచ్చినది.

ఔషధాలు

భోజనం చేసినప్పుడు చిన్నప్రేగులో జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. ఇది క్లోమంలో ఇన్సులిన్ ఉత్పత్తిని ప్రోత్సహిస్తుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, కడుపు నిండిందన్న సంకేతాన్ని మెదడుకు అందిస్తుంది. శరీరంలో సహజంగా తయారయ్యే ఈ హార్మోను కొద్ది నిమిషాలలోనే నశిస్తుంది. దానివలెనే పనిచేస్తూ వారం రోజులు నిలిచి ఉండేటట్లు తయారు చేసిన మందు సెమాగ్లూటైడ్. టిర్జెపటైడ్ అనే మరొక మందు జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకొక హార్మోను పనిని కూడా చేస్తుంది. రెండింటినీ వారానికి ఒకసారి చర్మం కింద ఇంజెక్షనుగా తీసుకుంటారు. మొదట ఇవి మధుమేహానికి వచ్చిన మందులు.

2021లో వెలువడిన స్టెప్-1 పరిశోధనలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల పాటు సెమాగ్లూటైడ్ తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం తగ్గగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి బరువు 2.4 శాతం తగ్గినది. 2022 నాటి సర్మౌంట్-1 పరిశోధనలో టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదుపై 72 వారాలలో సగటు తగ్గుదల 20.9 శాతం. 90 కిలోల మనిషికి మొదటి మందు వలన సుమారు 13 కిలోలు, రెండవదాని వలన సుమారు 19 కిలోలు తగ్గడమన్నమాట. అయితే పథకం తయారు చేసేవారికి వీటికన్నా ముఖ్యమైన సంఖ్య మరొకటి ఉన్నది. స్టెప్-1లో పాల్గొన్న కొందరిని మందు ఆపివేసిన తరువాత ఒక సంవత్సరం గమనించగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. అనగా ఇది రక్తపోటు మాత్రవలె దీర్ఘకాలం వాడవలసిన మందు. ఒక సంవత్సరపు ఖర్చును లెక్కవేసి ఊరుకునే పథకం మొదటి మెట్టుతోనే తప్పటడుగు వేసినట్లు.

వికారం, వాంతులు, మలబద్ధకం తరచుగా కనిపించే దుష్ఫలితాలు. పిత్తాశయంలో రాళ్లు, క్లోమపు వాపు అరుదుగా రావచ్చును. గర్భిణులు, ఒక రకమైన థైరాయిడ్ క్యాన్సరు కుటుంబ చరిత్ర ఉన్నవారు వీటిని వాడరాదు. బరువుతో పాటు కొంత కండ కూడా తగ్గుతుంది గనుక ఆహారంలో మాంసకృత్తులు, వ్యాయామం తప్పనిసరి.

భారతదేశంలో ధరలు

టిర్జెపటైడ్‌ను ఎలీ లిల్లీ సంస్థ మౌంజారో పేరుతో 2025 మార్చిలో భారతదేశంలో ప్రవేశపెట్టినది. అప్పటి ధర 2.5 మి.గ్రా. సీసాకు 3,500 రూపాయలు, 5 మి.గ్రా. సీసాకు 4,375 రూపాయలు. నెలకు నాలుగు సీసాలు కావాలి. నోవో నార్డిస్క్ సంస్థ వెగోవి పేరుతో సెమాగ్లూటైడ్‌ను 2025 జూన్‌లో తెచ్చినది. నాలుగు వారాలకు అతి తక్కువ మోతాదుకు 17,345 రూపాయలు, అత్యధిక మోతాదుకు 26,015 రూపాయలుగా ఉన్న దాని ధరను అదే సంవత్సరం నవంబరులో 37 శాతం వరకు తగ్గించగా, ప్రారంభ మోతాదు 10,850 రూపాయలకు దిగినది.

సెమాగ్లూటైడ్ అణువుపై భారతీయ పేటెంటు గడువు 2026 మార్చి 20. ఇతర కంపెనీలు దేశంలో ఈ మందును అమ్ముకోవడానికి అడ్డుగా నిలిచిన ప్రధాన పేటెంటు ఇదే. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ అంతకు ముందే, పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేయడానికి ఈ మందును తయారు చేసుకునే విషయమై ఢిల్లీ హైకోర్టులో వాదించగా, 2025 డిసెంబరులో కోర్టు తయారీని అడ్డుకోవడానికి నిరాకరించినది. ఇదే కుటుంబానికి చెందిన పాత మందు లిరాగ్లూటైడ్‌కు 2024 జనవరిలో గ్లెన్‌మార్క్ సంస్థ దేశీయ రూపాన్ని తెచ్చినప్పుడు, చికిత్స ఖర్చు సుమారు 70 శాతం తగ్గుతుందని ఆ సంస్థ ప్రకటించినది. ఈ అనుభవం వలన యాజమాన్యాలకు ఒక పాఠం ఉన్నది. ధర మారుతున్న కాలంలో మూడేళ్ల ఒప్పందాన్ని ఒకే ధరకు కుదుర్చుకోరాదు.

ఖర్చు ఎవరు భరిస్తారు

భారతదేశంలో ఉద్యోగుల వైద్య పథకాలు నాలుగు తీరులుగా ఉన్నవి. ఈ కొత్త మందు ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విధంగా ఇరుక్కుంటుంది.

మొదటిది ఉద్యోగుల రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ. 1948 నాటి చట్టం కింద ఈ పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో మొదలై క్రమంగా ఇతర ప్రాంతాలకు విస్తరించినది. ఒక విధంగా ఇది కూడా పైలట్‌గానే ఆరంభమైనదని చెప్పవచ్చును. 2017 జనవరి నుండి నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు దీని పరిధిలోకి వచ్చారు. 2019 జూలై నుండి ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం చెల్లిస్తున్నవి. 20,000 రూపాయల జీతగాడి పేరున ఇద్దరి వాటా కలిసి నెలకు 800 రూపాయలు, సంవత్సరానికి 9,600 రూపాయలు. 2025 నవంబరులో తగ్గించిన తరువాత కూడా వెగోవి అతి తక్కువ మోతాదు ఒక నెల ధర దీనికన్నా ఎక్కువగానే ఉండినది. ఈ 9,600 రూపాయలతోనే ఆ కార్మికుని కుటుంబం కాన్పులు, ప్రమాదాలు, డయాలసిస్ అన్నీ జరగవలసి ఉన్నది.

రెండవది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం (ఇ.హెచ్.ఎస్.). 1972 నాటి సమగ్ర వైద్య నియమావళి ప్రకారం ఉద్యోగి ముందుగా ఖర్చు పెట్టుకుని తరువాత బిల్లు పెట్టుకునే రీయింబర్స్‌మెంట్ పద్ధతి ఉండేది. 2013లో దానికి తోడుగా నగదు రహిత పథకం వచ్చినది. ప్రారంభంలో ఉద్యోగి వాటా హోదాను బట్టి నెలకు 90 లేదా 120 రూపాయలు. పింఛనుదారులు కూడా ఇందులో సభ్యులే. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వంలో విలీనమైన తరువాత ప్రభుత్వ ఉద్యోగుల వరుసలో చేరారు. ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కొరకు రూపొందినది. ఇంటి వద్ద ఏళ్ల తరబడి పొడుచుకునే ఇంజెక్షను దానిలో సులభంగా ఇమిడేది కాదు.

మూడవది రైల్వే పద్ధతి. రైల్వే బీమా కొనదు, తానే ఆసుపత్రులు నడుపుతుంది. మందుల జాబితా, కొనుగోలు టెండరు, వైద్యుడు అన్నీ ఒకే గూటిలో ఉంటవి. విశ్రాంత ఉద్యోగులకు 1997 నాటి పథకం ద్వారా ఇదే వైద్యం కొనసాగుతుంది. పైలట్ ప్రాజెక్టుకు ఇంతకన్నా అనువైన చోటు మరొకటి లేదు.

నాలుగవది ప్రైవేటు కంపెనీల గ్రూపు బీమా. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణీకరించిన మినహాయింపుల ప్రకారం స్థూలకాయ శస్త్రచికిత్సకు బి.ఎం.ఐ. 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. తీవ్రమైన గుండెజబ్బు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు, అదుపులో లేని మధుమేహం వంటివి తోడైతే 35 చాలును. కత్తికి నియమం ఉన్నది, సూదికి లేదు. ఔట్‌పేషంటు మందులను పాలసీలో అదనంగా కొనుక్కుంటే తప్ప సాధారణ గ్రూపు పాలసీ చెల్లించదు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్‌టీ తొలగించబడినది గాని, యాజమాన్యాలు కొనే గ్రూపు పాలసీలకు ఆ మినహాయింపు ఇవ్వలేదు.

పాకాల ఉదాహరణ

ఈ నాలుగు తీరులూ ఒకే చిన్న ఊరిలో ఎలా కలిసి ఉంటాయో తెలుసుకోవడానికి పాకాల మంచి ఉదాహరణ. చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ మండల కేంద్రం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. కాట్పాడి - గూడూరు మార్గం నుండి ధర్మవరం మార్గం చీలే రైల్వే కూడలి ఇది. గుంతకల్లు డివిజనుకు చెందినది. ఇటువంటి కూడలిలో ఒకే వీధిలో రైల్వే ఉద్యోగి, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ఆర్టీసీ కండక్టరు, తిరుపతి వైపు ఫ్యాక్టరీకి వెళ్లే కార్మికుడు ఇరుగుపొరుగుగా ఉంటారు. నలుగురికీ అదే బరువు, అదే చక్కెర జబ్బు ఉన్నా, మందు దొరికే దారి అందరికీ ఒకటి కాదు. ఏ యాజమాన్యం లేని చిరువ్యాపారికి, రైతుకూలీకి ఈ చర్చతో సంబంధమే లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 24.0 శాతం స్త్రీలు, 22.9 శాతం పురుషులు బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించి ఉన్నవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిష్పత్తి దేశ సగటు కన్నా ఎక్కువ. స్త్రీలలో మూడింట ఒక వంతుకు మించినది. పైగా భారతీయులలో తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బు వస్తున్నందున 2009లో ఇక్కడి వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించారు. పాశ్చాత్య దేశాలలో స్థూలకాయపు హద్దు 30. హద్దు 25 అని గీస్తే ఉద్యోగులలో దాదాపు మూడవ వంతు అర్హులవుతారు. 30 అని గీస్తే జబ్బు ఉన్న చాలామంది బయట ఉండిపోతారు. పథకం భవిష్యత్తు మొత్తం ఈ ఒక్క అంకెపై ఆధారపడి ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

దూరం మరొక సమస్య. పాకాల నుండి తిరుపతి సుమారు 40 కి.మీ. హార్మోనుల నిపుణులు ఉన్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్) అక్కడ ఉన్నది. కాట్పాడి వైపు వెళితే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల దొరుకుతుంది. నెలకొకసారి నిపుణుని వద్దకు రావాలని నియమం పెడితే కార్మికుడు నెలకొక రోజు కూలి లేదా సెలవు పోగొట్టుకోవాలి. వాడని పెన్నులను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలసి ఉండగా, వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమలో ఇంట్లో ఫ్రిజ్ లేనివారికి మందు ఎక్కడ నిలువ చేయాలి? కాగితంపై చిన్నవిగా కనిపించే ఇటువంటి ప్రశ్నలకు జవాబు రాబట్టడానికే పైలట్ ప్రాజెక్టు అవసరమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పైలట్ పద్ధతి

వైద్య పథకాన్ని ముందు కొన్ని జిల్లాలలో పరీక్షించే అలవాటు ఈ రాష్ట్రానికి కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైనది. అది ఉద్యోగులకు కాక పేద కుటుంబాలకు ఉద్దేశించినది. ఎనిమిది నెలలు తిరగగానే, అదే ఏడు డిసెంబరు 5న, చిత్తూరు సహా మరి ఐదు జిల్లాలకు విస్తరించినది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతటా వచ్చినది. పాకాల ప్రాంతం ఆ విధంగా రెండవ విడతలో చేరినది. ముందస్తు అనుమతి, ప్యాకేజీ ధర, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర వంటి ఏర్పాట్లు అప్పుడే రూపుదిద్దుకున్నవి. తరువాత ఉద్యోగుల పథకం కూడా అదే ట్రస్టు చేతికి, అదే పద్ధతులకు వచ్చినది.

2020 జనవరి 3న 2,059 రకాల చికిత్సలతో కూడిన విస్తృత ఆరోగ్యశ్రీని పశ్చిమ గోదావరి జిల్లాలో పైలట్‌గా ప్రారంభించారు. జూలైలో మరి ఆరు జిల్లాలకు, నవంబరులో మిగిలినవాటికి విస్తరించారు. కుటుంబ వైద్యుని విధానం 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలై 2023 ఏప్రిల్ 6న పూర్తి స్థాయిలో అమలులోకి వచ్చినది.

ఈ మూడింటిలోనూ విస్తరణ ముందే నిశ్చయమై ఉన్నది. ప్రయోగం విఫలమైతే ఏమి చేయాలన్న ప్రశ్న తలెత్తలేదు. అవి నిజానికి దశలవారీ ప్రారంభాలు. పైలట్ అనిపించుకోవాలంటే ఆగిపోయే అవకాశం కూడా దానిలో ఉండాలి. స్థూలకాయ మందుల విషయంలో ఈ తేడా కీలకం. ఒకసారి మొదలుపెట్టిన మందును ప్రభుత్వం ఆపితే వేలమంది బరువు తిరిగి పెరుగుతుంది, వారి కోపమూ పెరుగుతుంది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో చాలామందికి ఆరోగ్య బీమా ఉద్యోగం ద్వారానే వస్తుంది. అక్కడ వెగోవి ప్రకటిత ధర నెలకు సుమారు 1,350 డాలర్లుగా ఉండేది. తయారీదారులు తరువాత రాయితీ తిరిగి ఇస్తారు గనుక యాజమాన్యానికి పడే అసలు ఖర్చు దీనికన్నా తక్కువ. కైసర్ ఫ్యామిలీ ఫౌండేషను (కె.ఎఫ్.ఎఫ్.) 2025 సర్వేలో 5,000 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలలో 43 శాతం బరువు తగ్గించే ఈ మందులకు చెల్లిస్తున్నవని తేలినది. అంతకు ముందటి సంవత్సరం అది 28 శాతం. అక్కడి కంపెనీలలో పనిచేసే తెలుగువారికి కూడా మందు దొరకడం, దొరకకపోవడం యాజమాన్యం ఎంచుకున్న పథకాన్ని బట్టి ఉంటుంది.

పైలట్ ప్రాజెక్టుల చరిత్రలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రానిది చెప్పుకోదగిన కథ. అక్కడి ప్రభుత్వోద్యోగుల బీమా సంస్థ 2019లో విశ్వవిద్యాలయ వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించే మందుల పైలట్ ప్రారంభించినది. సభ్యుల సంఖ్య సుమారు వేయికి పరిమితం. దేశంలోకెల్లా స్థూలకాయం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో అది ఒకటి. పాల్గొన్నవారికి వైద్యపరంగా మేలు జరిగినది. అయినా 2024 మార్చిలో ఖర్చు భరించలేమంటూ సంస్థ దానిని నిలిపివేయాలని నిర్ణయించినది. మందు పనిచేసింది, పథకం పనిచేయలేదు. పైలట్ ముగిసిన తరువాత ఆ వేయి మంది సంగతేమిటని మొదటి రోజున అడగకపోవడమే దానిలోని లోపం.

నార్త్ కరోలినాలో పైలట్ లేకుండానే ఉద్యోగులందరికీ మందు ఇచ్చారు. 2023లో ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటినది. 2024 జనవరిలో కొత్తవారిని చేర్చుకోవడం మాని, ఏప్రిల్ 1 నుండి బరువు తగ్గించడం కొరకు వాడే ఈ మందులకు పూర్తిగా చెల్లింపు ఆపివేశారు. అప్పటికి వాడుతున్నవారు దాదాపు 25,000 మంది. మందును కొందరికే పరిమితం చేస్తే తయారీదారు ఇచ్చే రాయితీ పోతుందన్న ఒప్పందపు చిక్కు కూడా అక్కడ బయటపడినది. కనెక్టికట్ రాష్ట్రం మధ్యే మార్గం పట్టినది. 2023 జూలై నుండి ఉద్యోగులు ఒక నిర్దిష్ట స్థూలకాయ వైద్య సంస్థ ద్వారా వస్తేనే మందుకు చెల్లిస్తానన్నది. ఆహారం, జీవనశైలి సలహా, చౌక మందులు, ఖరీదైన మందులు అన్నీ అక్కడి వైద్యులే నిర్ణయిస్తారు.

బ్రిటన్‌లో యాజమాన్యాల స్థానంలో జాతీయ ఆరోగ్య సేవ ఉన్నది. 2025 జూన్‌లో టిర్జెపటైడ్‌ను ప్రాథమిక వైద్యంలో దశలవారీగా ప్రారంభించి, మూడేళ్లలో సుమారు 2,20,000 మందికి ఇవ్వాలని నిర్ణయించారు. మొదటి సంవత్సరం బి.ఎం.ఐ. 40 దాటి, నాలుగు సంబంధిత జబ్బులు ఉన్నవారికే అర్హత. దక్షిణాసియా మూలాలవారికి ఈ హద్దును 2.5 తగ్గించారు. భారతీయ పథకాలకు ఈ సవరణ ఉపయోగపడగలదు. గ్రేటర్ మాంచెస్టర్‌లో ఐదేళ్ల అధ్యయనం ఒకటి 2024 అక్టోబరులో ప్రకటించబడినది. బరువుతో పాటు ఉద్యోగ స్థితి, సెలవు దినాలను కూడా కొలవడం దాని ప్రత్యేకత. యాజమాన్యం తెలుసుకోగోరేది సరిగ్గా ఇదే.

రూపకల్పన

ముందుగా ప్రశ్నను నిర్ణయించుకోవాలి. మందు పనిచేస్తుందా అన్నది పైలట్ ప్రశ్న కాదు. దానికి జవాబు పెద్ద పరిశోధనలలో ఉన్నది. తెలుసుకోవలసినవి వేరు. మన సిబ్బందిలో ఎంతమంది చేరతారు, ఏడాది తరువాత ఎంతమంది మిగులుతారు, తలకు అసలు ఖర్చు ఎంత, మన వైద్య వ్యవస్థ దీనిని మోయగలదా? అమెరికాలో ప్రైమ్ థెరప్యూటిక్స్ సంస్థ బీమా లెక్కలను పరిశీలించగా, మధుమేహం లేకుండా బరువు కొరకు ఈ మందులు మొదలుపెట్టినవారిలో ఏడాది తరువాత 32 శాతం, రెండేళ్ల తరువాత 15 శాతం మాత్రమే కొనసాగినట్లు తేలినది. మధ్యలో మానివేసినవారిపై పెట్టిన డబ్బు చాలావరకు వృథా. కాబట్టి కొనసాగింపు రేటును కొలవని పైలట్ నిరుపయోగం.

ఎంతమంది అన్నది తరువాతి విషయం. బరువులో తేడా పెద్దది గనుక కొన్ని పదుల మందిలోనే కనిపిస్తుంది. గుండెపోట్లు తగ్గాయా అన్నది అలా కాదు. 2023లో వెలువడిన సెలెక్ట్ పరిశోధనలో గుండెజబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మంది పాల్గొన్నారు. సగటున సుమారు 40 నెలలలో గుండె సంబంధిత ప్రధాన సంఘటనలు ఉత్తుత్తి మందు వర్గంలో 8.0 శాతం మందికి, సెమాగ్లూటైడ్ వర్గంలో 6.5 శాతం మందికి కలిగినవి. అనగా ఒక సంఘటనను నివారించడానికి సుమారు 67 మందికి మూడేళ్లకు పైగా మందు ఇవ్వాలి. నూరు మందితో ఏడాది నడిపిన పైలట్ చివర గుండెపోట్లు తగ్గాయని నివేదిక వస్తే దానిని నమ్మనవసరం లేదు.

పోలికకు ఒక వర్గం ఉండాలి. మందు నిరాకరించి కొందరిని అలాగే ఉంచడం న్యాయంగా తోచకపోతే, వంతులవారీ పద్ధతి పాటించవచ్చును. ఉదాహరణకు ఆర్టీసీ అయితే మొదటి ఆరు నెలలు కొన్ని డిపోలలో, తరువాత మిగిలిన డిపోలలో మొదలుపెడతారు. ఏ డిపో ముందు అన్నది చీటీలు వేసి నిర్ణయిస్తారు. వేచి ఉన్న డిపోలే అప్పటికి పోలిక వర్గం అవుతాయి. చీటీలకు బదులు పలుకుబడిని బట్టి వంతులు నిర్ణయిస్తే లెక్క చెడిపోతుంది.

అర్హతకు బరువు ఒక్కటే కొలమానం కారాదన్న అభిప్రాయం బలపడుతున్నది. బరువు వలన అవయవాలకు హాని కలిగిందా లేదా అన్నది చూడాలని 2025 జనవరిలో ఒక అంతర్జాతీయ వైద్య సంఘం లాన్సెట్ పత్రిక ద్వారా సూచించినది. పరిమిత నిధి ఉన్న పథకంలో గుండెజబ్బు, అదుపులో లేని మధుమేహం, నిద్రలో శ్వాస ఆగడం వంటివి ఉన్నవారికి మొదటి వరుస ఇవ్వడం సబబు. నడుము చుట్టుకొలత (పురుషులలో 90 సెం.మీ., స్త్రీలలో 80 సెం.మీ. పైన) కొలవడానికి టేపు ఒక్కటి చాలు.

మందుతో పాటు ఇచ్చే సలహా స్థానిక ఆహారానికి తగినట్లుండాలి. ఆకలి తగ్గినవారు మొదట మానివేసేది తరచుగా పప్పు, గుడ్డు. మిగిలేది నాలుగు ముద్దల అన్నం. సంగటి ముద్దను సగం చేసి, ఉలవలు, కందిపప్పు, గుడ్లు, పెరుగు పెంచమని చెప్పడం, విదేశీ ఆహార పట్టికను తెలుగులోకి మార్చి పంచడం కన్నా మేలు. మోతాదు పెంచే వారాలలో వికారం, వాంతులు ఎక్కువ కనుక రైలు, బస్సు నడిపేవారికి ఆ దినాలలో డ్యూటీ సర్దుబాటు అవసరం. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల చక్కెర మాత్రలు కూడా వాడుతున్నవారిలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది.

రహస్యం పాటించడం అన్నిటికన్నా సున్నితమైనది. రైల్వేలో లోకో పైలట్లకు, స్టేషను మాస్టర్లకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరుగుతుంది. దానిలో తప్పితే ఉద్యోగ వర్గం మారి జీతభత్యాలు తగ్గవచ్చును. బరువు పథకంలో పేరు నమోదైతే ఆ కాగితం తమ మీదికే వస్తుందని సిబ్బంది భయపడితే, అవసరం ఎక్కువ ఉన్నవారే దూరంగా ఉండిపోతారు. పథకపు రికార్డు, ఉద్యోగ యోగ్యత రికార్డు వేర్వేరుగా ఉంటాయని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి, యూనియన్లను మొదటి నుండే కలుపుకొనడం దీనికి మందు.

చివరగా ముగింపు నియమాలు. ఇంత ఖర్చు దాటితే కొత్తవారిని చేర్చుకోము, పూర్తి మోతాదుపై ఆరు నెలలలో కనీసం 5 శాతం బరువు తగ్గనివారికి మందు కొనసాగించము, పైలట్ ఆగినా అప్పటికే మేలు పొందినవారికి ఇంత కాలం ఇస్తాము అన్న మూడు మాటలను ప్రారంభానికి ముందే ప్రకటించాలి. పైలట్ నడిపేవారే ఫలితం తేల్చరాదు. ఆ పని దగ్గరలోని వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగానికి అప్పగించవచ్చును.

ఖర్చు లెక్క

వేయి మంది సిబ్బంది ఉన్న ఒక ఊహాజనిత సంస్థను తీసుకుందాము. బి.ఎం.ఐ. 25 దాటినవారు మూడవ వంతు అనుకుంటే 330 మంది. జబ్బులు తోడైనవారికే పరిమితం చేసి 40 మందిని చేర్చుకున్నారనుకుందాము. నెలకు మందు సగటున 12,000 రూపాయలైతే సంవత్సరానికి 57,60,000 రూపాయలు. అదే 4,000 రూపాయలకు దిగితే 19,20,000 రూపాయలు. సిబ్బంది మొత్తం మీద పంచితే తలకు ఏడాదికి 5,760 నుండి 1,920 రూపాయలకు తగ్గినట్లు. 330 మందికీ ఇస్తే చౌక ధరకే 1,58,40,000 రూపాయలు అవుతుంది. అర్హత హద్దు ఖర్చును ఎనిమిది రెట్లు మార్చగా, ధర మూడు రెట్లే మార్చినది. ధర తగ్గేదాకా ఆగుదాము అనేవారు ఈ తేడాను గమనించవలసి ఉన్నది. వైద్యుని ఫీజు, రక్తపరీక్షలు, ప్రయాణం, సెలవు దినాలు ఈ లెక్కలో చేరలేదు.

ఉద్యోగి కొంత వాటా భరించే పద్ధతిపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి. వాటా లేకపోతే అవసరం లేనివారు కూడా చేరతారని కొందరు, వాటా పెడితే తక్కువ జీతగాళ్లు ముందుగా తప్పుకుంటారని మరికొందరు అంటారు. జీతంలో నిర్ణీత శాతం చొప్పున వసూలు చేయడం ఇ.ఎస్.ఐ. మొదటి నుండి పాటిస్తున్న పద్ధతి. నెలకు 2,000 అని ఒకే మొత్తం విధిస్తే గ్యాంగ్‌మన్‌కు, ఇంజనీరుకు భారం సమానం కాదు.

విమర్శలు

క్షయ, రక్తహీనత, మూత్రపిండాల జబ్బులకే నిధులు చాలని చోట బరువు మందులకు డబ్బు ఎందుకని ప్రధాన విమర్శ. దీనిలో బలం ఉన్నది. ప్రత్యేకించి ఇ.ఎస్.ఐ. వంటి ఉమ్మడి నిధిలో ఒకరికిచ్చిన మందు మరొకరి మందును తగ్గించవచ్చును. దీనికి ప్రతివాదనగా ఉద్యోగ కాలం చూపుతారు. అమెరికాలో ఉద్యోగి కొన్నేళ్లలో మరొక కంపెనీకి వెళతాడు. ఈ యాజమాన్యం పెట్టిన ఖర్చు వలన తప్పిన గుండెపోటు లాభం ఇంకొక యాజమాన్యానికి దక్కుతుంది. రైల్వేలోను, రాష్ట్ర ప్రభుత్వంలోను చేరినవాడు సాధారణంగా పదవీ విరమణ దాకా అక్కడే ఉంటాడు, తరువాత పింఛనుదారుగా అదే వైద్య పథకంలో కొనసాగుతాడు. అతని మోకాలి ఆపరేషను, డయాలసిస్, స్టెంటు ఖర్చులన్నీ చివరకు ఆ ఖాతాలోనే పడతాయి. కాబట్టి దీర్ఘకాలిక లాభం లెక్క ప్రైవేటు కంపెనీ కన్నా ఇటువంటి యాజమాన్యాలకే ఎక్కువగా వర్తిస్తుంది. అయితే ప్రైమ్ థెరప్యూటిక్స్ పరిశీలనలో మొదటి రెండేళ్లలో వైద్య ఖర్చు తగ్గిన దాఖలా కనబడలేదు. లాభం ఉంటే అది ఆలస్యంగా వచ్చేదే. ప్రభుత్వ బడ్జెటు మాత్రం ఏటేటా తేలవలసి ఉన్నది.

క్యాంటీనులో నూనె తగ్గించడం, కూర్చుని చేసే పనిలో విరామం, రాత్రి డ్యూటీల సర్దుబాటు వంటి చౌకైన మార్పులను వదిలి ఇంజెక్షను వైపు పరుగెత్తడం సరికాదని మరొక విమర్శ. ఈ మార్పుల వలన తగ్గే బరువు సాధారణంగా స్వల్పమే అయినా అవి మందు లేని సిబ్బందికి కూడా అందుతాయి, ఆపివేయవలసిన అవసరం రాదు. కొన్ని రూపకల్పనలలో ఇవి అన్ని కేంద్రాలలో ముందుగా అమలు చేయబడి, ఆరు నెలల తరువాత కూడా అర్హత హద్దులో మిగిలినవారికి మాత్రమే మందు ఇవ్వబడుతుంది.